మూలమును మించిన పాట

గురువును మించిన శిష్యుని లోకము మెచ్చుకొనును. తండ్రిని మించిన తనయుని చూచి తల్లి మురిసిపోవును. కాని ఒకరు పాడిన పాటను మరొకరు పాడి మొదటివారిని మించినారని ఎవరైనను అన్నచో రసికుల సభలో వెంటనే కలకలము పుట్టును. మొదట విన్నదే అసలైనదనియు, తరువాత వచ్చినది ఎంత బాగున్నను నకలేననియు పెద్దలు తీర్పు చెప్పుదురు. పిన్నలకు ఆ మొదటిదానిని వినుటకే ఓపిక యుండదు. ఇప్పటి యువకులు 'కవర్' అని పిలుచుకొను ఈ పునర్గానము, సెల్‌ఫోను చేతికి వచ్చిన పిమ్మట ఇల్లిల్లును ఆక్రమించినది. పాత పాటను గిటారుమీద పాడి పదిమందికి పంపని కళాశాల విద్యార్థి నేడు అరుదు. కావున మూలమును మించుట యన నేమి, అది ఎప్పుడు సంభవించును, సంభవించినప్పుడు మొదటివానికి చెల్లవలసిన దేమి అను మూడు ప్రశ్నలను క్రమముగా విచారించుట అవసరము. ఇది కేవలము అభిరుచికి సంబంధించిన వాదము కాదు. పేరు, కూలి, జ్ఞాపకము అను మూడును దీనిలో ఇమిడి యున్నవి.

మొదట 'మించుట' యను మాటకు అర్థము తేలవలయును. కంఠము మరింత మధురముగా నుండుట మించుట కాదు. తీయని గొంతులు దేశమున కొల్లలు. వాద్యములు ఎక్కువగుటయు మించుట కాదు. నలువది వయొలినులు చేయలేని పనిని ఒక్కొక్కప్పుడు ఒక్క డప్పు చేయగలదు. ఎక్కువమంది వినుటయు ప్రమాణము కాజాలదు. సంతలో ఎక్కువగా అమ్ముడుపోయిన సరకెల్ల మేలైనది కాదు గదా. పాటలో మొదటివానికి కనబడని ద్వారమొకటి రెండవవానికి కనబడవలయును. అది తెరచిన పిమ్మట, ఆ ద్వారము ఎప్పటినుండియో అక్కడనే యున్నట్లు వినువారికి తోచవలయును. అట్లు తోచినప్పుడే మూలమును మించిన గానమనుట చెల్లును.

జగిత్యాల జిల్లా మల్యాల మండలములోని కొండగట్టు ఈ విచారణకు తగిన చోటు. కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు త్రోవలో, ముత్యంపేట యొద్ద కొండమీద వెలసిన ఆ ఆంజనేయుని సన్నిధికి చైత్ర పూర్ణిమనాటి చిన్న జయంతికిని, వైశాఖ బహుళ దశమినాటి పెద్ద జయంతికిని దీక్షాపరులు వేలకు వేలుగా వత్తురు. మాల ధరించి, కాషాయవస్త్రములు కట్టి, కోరుట్లనుండియు సిరిసిల్లనుండియు కాలినడకను వచ్చువారు కలరు. హనుమద్భక్తులు గుమికూడిన చోట హనుమాన్ చాలీసా వినబడకుండుట యుండదు. పదునారు, పదునేడు శతాబ్దుల నడుమ జీవించిన తులసీదాసు అవధీ భాషలో రచించిన నలువది చౌపాయిల స్తోత్రమది. గుల్షన్ కుమార్ సంస్థకై 1992లో హరిహరన్ పాడిన చాలీసా యూట్యూబులో మూడువందల కోట్ల సారులకు మించి వినబడినది. అది అసాధారణమైన ఆదరణమే.

అయినను తెలుగునాట ఆంజనేయాలయములందు తెల్లవారుజామున మైకులో వినవచ్చు చాలీసా తరచుగా వేరొకటి. గుంటూరు మండలమున పుట్టి, 1944 నాటి 'తహసీల్దార్' చిత్రముతో తెలుగు తెరకు తొలి నేపథ్యగాయకుడని ప్రసిద్ధికెక్కిన ఎం. ఎస్. రామారావు (1921-1992) తులసీదాసు చాలీసాను తెలుగు చేసి పాడిరి. సుందరకాండమును గూడ తేటతెలుగు గేయముగా కూర్చి పాడిరి. అక్షరము రాని ముసలమ్మకు గూడ ఆ రెండును కంఠస్థములు. గుంటూరు గొంతు కరీంనగరపు పల్లెలో ఇంటి గొంతు అయినది. అవధీ చౌపాయిని వల్లించునప్పుడు మంత్రమును జపించిన తృప్తి కలుగును. తెలుగు చాలీసాను పాడునప్పుడు కథ తెలిసిన తృప్తి కలుగును. ఈ రెండింటిలో ఏది గొప్పదని అడుగువాడు ముందుగా ఎవరికి గొప్పదని అడుగవలయును. నాట్లు వేసి అలసివచ్చిన స్త్రీకి, తాను పలుకుచున్న మాట తనకు తెలియుచున్న పాటయే పెద్దది. ఆమె విషయమున రామారావు తులసీదాసును మించినారనుటలో అపచార మేమియు లేదు. తులసీదాసు తానే వాల్మీకి కథను సంస్కృతమునుండి జనుల నోటిలోనికి తెచ్చినవాడు. ఆయన చేసిన పనినే ఆయన కృతికి మరొకరు చేసిరి.

ఆ కొండమీది దేవుని చరిత్రయే ఈ విషయమున ఆలోచింపదగినది. సుందరకాండలో హనుమంతుడు శింశుపావృక్షముమీద కూర్చుండి సీతకు రామకథను వినిపించును. ఆ కథ ఆమె ఎరుగనిది కాదు. దశరథుడెవరో, వనవాసమెందుకో ఆమెకంటె బాగుగ నెరిగినవారు ఎవరు? అయినను అంతకు ముందే తన జడతో ఉరిపోసికొన దలచిన ఆ తల్లి ప్రాణమును నిలిపినది, తెలిసిన కథ తెలియని కంఠమున వినబడుటయే. తెలిసిన పాటను మరల పాడుటవలన ప్రయోజన మేమి యని అడుగువారికి ఇంతకంటె వేరు సమాధానము అక్కరలేదు.

ఆయనను గూర్చియే మరొక ఐతిహ్యము కలదు. హనుమంతుడు రామకథను తన గోళ్లతో పర్వతశిలలమీద వ్రాసెననియు, అది చూచిన వాల్మీకి తన కావ్యమునిక ఎవరు చదువుదురని దిగులుపడెననియు, ఆ ముని ముఖము చూచి హనుమంతుడు ఆ శిలలను సముద్రమున పడవేసెననియు చెప్పుదురు. ఈ కథను వినయమునకు నిదర్శనముగా పౌరాణికులు చెప్పుచుందురు. వినయము నిజమే. కాని ఇందలి నష్టము గూడ నిజమే. మించిన కావ్యము మునిగిపోయినది. మొదటివాని కీర్తి కొరకు రెండవవాని కృతి నశింపవలెనన్నచో సాహిత్యమున సగము మిగులదు. తెలుగులో అసలే మిగులదు.

ఏలన తెలుగు కావ్యసంపదయే పునర్గానముతో పుట్టినది. నన్నయ, తిక్కన, ఎర్రన వ్యాసుని పాటను తెలుగు గొంతుతో పాడిరి. బమ్మెర పోతన వ్యాసుని భాగవతమును చేపట్టి, గజేంద్రుని మొరలోను, ప్రహ్లాదుని మాటలోను మూలమునందు క్లుప్తముగా నున్నదానిని పెంచి, తెలుగువాని గుండెలో నిలిపెను. సంస్కృత భాగవతమును చదివిన పండితుడు సైతము కష్టము వచ్చినప్పుడు తలచుకొనునది పోతన పద్యమునే. పోతన తాను మించుచున్నానని ఎచ్చటను చెప్పుకొనలేదు. వ్యాసునకు మ్రొక్కెను, పూర్వకవులకు మ్రొక్కెను, పలికించువాడు వేరొకడున్నాడనెను. మూలకర్త పేరును తుడిచివేయకయే మూలమును మించవచ్చునని ఆయన తెలుగువారికి నేర్పినాడు. సినిమాపాటకును, జానపద గేయమునకును ఈ నీతి వర్తింపదనుటకు కారణము లేదు.

సంగీతమున మించుట మరింత చిక్కుతో కూడినది. త్యాగరాజస్వామి (1767-1847) కృతులలో 'నగుమోము' ఎరుగని తెలుగువాడు లేడు. దానిని ఆభేరి యందురు. పూర్వలక్షణము ననుసరించి ఆభేరి నఠభైరవి జన్యము. అందు శుద్ధ ధైవతము పలుకవలయును. కాని ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ (1899-1975) గ్రామఫోను రికార్డువలన దేశమంతయు మారుమ్రోగిన నగుమోములో చతుశ్శ్రుతి ధైవతము పలికినది. ఆ రికార్డు తరువాత లోకము వినగోరిన ఆభేరి అదియే. నేటి సభలలో ఖరహరప్రియ జన్యముగా పాడబడుచున్నదియు అదియే. ఒక్క స్వరపు మెట్టు మారుటతో ఆ కృతిలోని ఆర్తి స్వరూపమే మారినది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016) శుద్ధ ధైవతముతో పాడి పూర్వరూపమును చెవులకు చూపిరి. విన్నవారు మెచ్చుకొనిరి, ఇంటికి పోయి పాత అలవాటు ప్రకారము రెండవ రూపమునే పాడుకొనిరి.

ఇక్కడ న్యాయమెవరి పక్షము? శాస్త్రము బాలమురళి వైపున నున్నది. లోకము ముసిరి వైపున నున్నది. రెండవ రూపము మొదటిదానిని మించినదని లక్షలాది చెవులు తీర్పు చెప్పినవి. ఆ తీర్పును తప్పు పట్టుట తాతకు దగ్గులు నేర్పుటయే యగును. కాని మించిన రూపము తన వెనుకనున్న రూపమును కప్పివేసినదను సంగతి గూడ మరువరాదు. ఒక్క విద్వాంసుడు పట్టుదలతో పాడి యుండనిచో ఈ తరమువారికి ఆ మొదటి ధైవతము పుస్తకములోని మాటగా మాత్రమే మిగిలి యుండెడిది. మించుటలో లాభము కలదు; కప్పివేయుటలో నష్టము కలదు. ఈ రెండును ఒకటి కావు.

అన్నమాచార్యుని (1408-1503) విషయము ఇందుకు విపరీతము. ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించెనని ప్రతీతి. రాగిరేకులమీద లభించినవి పదునాలుగు వేలకు దగ్గరగా నున్నవి. 1922 ప్రాంతమున అవి తిరుమలలో వెలుగు చూచినప్పుడు ప్రతి పాటకును రాగము పేరు కనబడెనే గాని, ఏ స్వరము ఏ అక్షరముమీద నిలుచునో తెలుపు గుర్తులు లేవు. అన్నమయ్య ఎట్లు పాడెనో చెప్పగలవాడు నేడు లేడు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893-1979) మొదలైనవారు ఆ మౌనమునకు స్వరములు కట్టిరి. నేదునూరి కృష్ణమూర్తి (1927-2014) 'నానాటి బతుకు' ను రేవతిరాగమున కూర్చినప్పుడు, నాలుగైదు వందల యేండ్లుగా ఆ మాటలు ఆ రాగము కొరకే వేచియున్నట్లు తోచినది. ఇచ్చట మూలము వినబడదు కావున మించుట యను మాటయే చెల్లదు. అయినను ఈ ఉదాహరణము ఒక సత్యమును తెలుపుచున్నది. మరల పాడువాడు లేనిచో ఎంత గొప్ప పాటయైనను రాగిరేకుమీద రాతగా మిగిలిపోవును.

మించుట ఎప్పుడు సంభవించునను రెండవ ప్రశ్నకు తెలంగాణ చరిత్రలోనే సమాధానము కలదు. 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ సాయుధ పోరాటకాలమున బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి' నైజాము ప్రభుత్వమును నిలదీసిన పాట. అది పుస్తకములవలన గాక నోటినుండి నోటికి ప్రాకినది. 1948 సెప్టెంబరులో నైజాము పాలన ముగిసినది. పాట ఎవరిని ఉద్దేశించి పుట్టెనో ఆ ప్రభువు గద్దె దిగినాడు. అటువంటి పాట అక్కడితో ఆగిపోవలసినది. కాని 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వమున వచ్చిన 'మా భూమి' చిత్రమున గద్దర్ తెరమీద కనబడి ఆ పాటను పాడిరి. అంతటితో అది ముప్పదియేండ్ల క్రిందటి పాట కాకపోయినది. నైజాము లేడు, కాని దొర యున్నాడు, గడి యున్నది, వెట్టి యున్నది. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు రైతుకూలీల కదలికతో అట్టుడికిన కాలమది. ఆ పాటలోని సంబోధనకు కొత్త అర్థము పుట్టినది. తరువాత ప్రత్యేక రాష్ట్రోద్యమములోను అదే పాట మరల లేచినది. అప్పటికి దాని యర్థము మరల మారినది.

గద్దర్ 2023 ఆగస్టు 6న మరణించిరి. ఆ పాట గద్దర్ రచనయేనని తలచువారు నేటికిని కలరు. ఆయన గానము మూలమును మించినదనుటకు ఈ పొరపాటే సాక్ష్యము. మొదటివానికి జరిగిన అన్యాయమునకును ఈ పొరపాటే సాక్ష్యము. పాట మించినది కాని, పేరు మునిగినది.

దీనినిబట్టి ఒక సంగతి తేలుచున్నది. మొదటివాని పాటను రెండవవాడు మించుట నైపుణ్యమువలన గాక అవసరమువలన జరుగును. ఆ పాటతో తనకు పని యున్నవాడు పాడినప్పుడే పాట పెరుగును. దూరదేశపు ఉదాహరణము ఒకటి దీనిని మరింత స్పష్టము చేయును. అమెరికాలో 1965లో ఓటిస్ రెడ్డింగ్ అను నల్లజాతి గాయకుడు 'రెస్పెక్ట్' అను పాట వ్రాసి పాడెను. సంపాదించి తెచ్చుచున్న మగవాడు, ఇంటికి వచ్చినప్పుడు తనకు మర్యాద దక్కవలెనని ఆలిని కోరు పాట అది. రెండేండ్ల తరువాత అరీథా ఫ్రాంక్లిన్ అదే పాటను పాడినది. పాడునది స్త్రీ యగుటతో కోరిక తలక్రిందులైనది. ఇంటిలో ఆడుదానికిని, దేశములో నల్లవారికిని దక్కని మర్యాదను అడుగుచున్న పాట యైనది. ఆ యేడు జూన్ నెలలో మాంటెరే సభలో రెడ్డింగ్ తానే, ఒక పిల్ల తన పాటను తీసికొనిపోయినదని నవ్వుచు చెప్పి దానిని పాడెను. ఓడినవాడు నవ్వగలుగుట గొప్పతనమే.

ఆ నవ్వు వెనుక మరొక సంగతి కలదు. అమెరికా రేడియోలో పాట ప్రసారమైనప్పుడు రచయితకు పైకము ముట్టును, పాడినవారికి ముట్టదు. కావున అరీథా పాట రేడియోలో మ్రోగిన ప్రతి సారియు రుసుము చేరినది రెడ్డింగ్ పక్షమునకే. పాడి మించినదానికి ఆ లెక్కలో చిల్లిగవ్వ లేదు. అది మరొక విధమైన అన్యాయమే. కాని మూలకర్త పేరు మాత్రము చెదరలేదు. తెలుగుదేశపు పల్లెపాట విషయమున జరుగుచున్నది దీనికి తలక్రిందులు. ఇచ్చట మూలమును ఇచ్చినవారికి పేరును లేదు, పైకమును లేదు.

పల్లెపాటకు మూలమే లేదని కొందరు వాదింతురు. అందు కొంత నిజము లేకపోలేదు. సద్దుల బతుకమ్మనాడు మల్యాలలోనో కోరుట్లలోనో ఆడవారు వలయముగా తిరుగుచు పాడు ఉయ్యాలపాటను చూడుడు. ఒకామె చరణము అందుకొనును. తక్కినవారు పల్లవితో బదులు చెప్పుదురు. ముందు పాడునామె తన ఊరి చెరువును, తన పుట్టింటి బాధను ఆ పాటలో కలుపును. వచ్చే యేడు మరొకామె దానిని తీసివేసి వేరొకటి చేర్చును. అచ్చట ప్రతి గానమును పునర్గానమే. ఒగ్గుకథ చెప్పువారిలోను అట్లే. రాజన్న సిరిసిల్ల జిల్లా హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటివారు మల్లన్నకథను గురువులనుండి నేర్చిరి. తమదిగా చేసికొని చెప్పిరి. వారి నోట అది కొత్తదయ్యెను. ఇట్టి సంప్రదాయములో ఎవరు ఎవరిని మించిరని లెక్కించుట కష్టము. కాని మూలము ఒక్కరిది కాదనుటకును, ఎవరిదియు కాదనుటకును చాల భేదము కలదు. పదిమందిది అయినది దిక్కులేనిది కాజాలదు.

ఈ భేదమును మరచుటవలన వచ్చిన రచ్చ 2021లో తెలుగువారందరు చూచినదే. 'లవ్ స్టోరీ' చిత్రములోని 'సారంగదరియా' పాట విడుదలయిన కొలది దినములలోనే కోట్లకొలది సారులు వినబడినది. మంగ్లీ పాడిరి, జానపద పల్లవి ననుసరించి సుద్దాల అశోక్ తేజ రచించిరి. అంతకు చాల ముందే ఆ జానపదమును 'రేలా రె రేలా' యను టెలివిజను కార్యక్రమమున పాడి వెలుగులోనికి తెచ్చితినని గాయని కోమలి ముందుకు వచ్చిరి. వాదోపవాదములు జరిగిన పిమ్మట దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపును ప్రతిఫలమును ఇచ్చుటకు అంగీకరించిరి. సినిమాపాట జానపదమును ప్రచారమున మించినది. అందు వివాదము లేదు. కాని అడుగునట్టి గొంతు ఒకటి ఉండబట్టి కోమలి పేరు వినబడినది. ఆమెకు ఆ పాటను అందించిన పల్లెవారి పేర్లు నేటికిని వినబడవు. అడుగనేరని గొంతులు ఎన్ని యున్నవో ఎవరు లెక్కింతురు?

చట్టము వీరికి తోడుపడునా? 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణ పునర్గానమును గూర్చి తెలివైన నియమములనే చేసినది. మొదటి ధ్వనిముద్రణ జరిగిన యేడు ముగిసిన పిమ్మట ఐదేండ్లు గడువనిదే మరొకరు దానిని మరల ముద్రింపరాదు. ముద్రించువారు యేటికి కనీసము యాబదివేల ప్రతులకు సరిపడు రుసుమును ముందుగా చెల్లింపవలయును. అనుమతి లేక మాటను గాని స్వరమును గాని అనవసరముగా మార్పరాదు. ఇది పునర్గానమేనని పైన స్పష్టముగా తెలుపవలయును. మొదట పాడినవారి పేరును గాని బొమ్మను గాని వాడుకొని కొనువారిని భ్రమింపజేయరాదు. క్యాసెట్ల కాలమున పాతపాటలను కొత్త గొంతులతో పాడించి చవుకగా అమ్మిన వర్తకము ఈ నియమములకు ఒక కారణము. కాని ఈ రక్షణ యంతయు పేరుగల రచయితకు, స్వరకర్తకు, వారి హక్కును కొన్న సంస్థకు మాత్రమే. నాట్లు వేయుచు పాడిన స్త్రీకి, బీడీలు చుట్టుచు పాడిన స్త్రీకి ఈ చట్టములో నిలువనీడ లేదు. రచయిత ఎవరో తెలియని పాటకు రుసుము ఎవరికి చెల్లింతురు?

చట్టము చేయలేని పనిని మర్యాద చేయగలదు. దానికి త్రోవ చూపిన పెద్దలు ఇక్కడనే కలరు. బిరుదురాజు రామరాజు (1925-2010) తెలుగు జానపద గేయములమీద పరిశోధించి 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందిరి. పల్లెపాట పండితులకు ఎగతాళిగా నున్న దినములలో దానిని సాహిత్యమని నిలబెట్టిన కృషి అది. ఆ శాస్త్రము నేర్పిన మొదటి పాఠము చాల చిన్నది. పాటను వ్రాసికొనునప్పుడు పాడినవారి పేరు, ఊరు, తేది గూడ వ్రాసికొనవలయును. లక్షలు వెచ్చించి బతుకమ్మ పాటలను యేటేట కొత్తగా చిత్రించువారు, జానపదమునకు డీజే మోత చేర్చి పెండ్లి ఊరేగింపులకు అందించువారు, ఈ మూడు మాటలు వ్రాయుటకు ఏమి ఖర్చగును?

మోత చేర్చుటను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మించిన పాటలు పదియైనచో, మించబోయి చెడిన పాటలు వేయి. పాతపాటలోని నిశ్శబ్దమును పూడ్చివేసి వేగము పెంచినంత మాత్రమున అది కొత్తది కాదు. ఇప్పుడు మరణించిన గాయకుల కంఠమును యంత్రముచే సృష్టించి పాడించు విద్య వచ్చినది. ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము (1946-2020) గొంతును ఇట్లు ఒక చిత్రమున వాడుకొనగా, తమ అనుమతి లేదని వారి కుటుంబము 2024లో అభ్యంతరము తెలిపినది. ఆ యంత్రము గొంతును దొంగిలించగలదు గాని, గొంతు వెనుకనున్న అవసరమును తేలేదు. తులసీదాసును తెలుగు చేసినవానికి భక్తి యను పని యున్నది. యాదగిరి పాటను పాడినవానికి ఉద్యమమను పని యున్నది. అరీథాకు మర్యాద కావలసి యున్నది. యంత్రమునకు ఏమి కావలసి యున్నది? ఏమియు కోరనివాడు పాడిన పాట ఎవరిని మించగలదు?

కొండగట్టు దేవళమును గూర్చి ఆ ప్రాంతమువారు చెప్పుకొను కథలో రెండు పేర్లు వినబడును. సుమారు మూడువందల యేండ్ల క్రిందట సింగం సంజీవుడను పశువులకాపరి, తప్పిపోయిన పశువును వెదకుచు అలసి నిద్రించినప్పుడు స్వామి కలలో కనబడెననియు, అతడు చిన్న గుడి కట్టెననియు చెప్పుదురు. చాలకాలము పిమ్మట కృష్ణారావు దేశముఖ్ దానిని పెద్దదిగా కట్టించెనందురు. రెండవ గుడి మొదటిదానిని పరిమాణమునను, శిల్పమునను మించినదే. అయినను దేశముఖ్ పేరు చెప్పువారు పశువులకాపరి పేరు విడువలేదు. విడిచినచో ఆ స్థలమునకు కథయే లేదని వారికి తెలియును. పాటల విషయమున కోరునది ఇంతకంటె ఎక్కువ కాదు.

కావున మూలమును మించి పాడగలవారు నిర్భయముగా పాడవలయును. మించుట అపరాధము కాదు. అది పాటకు ఆయుర్దాయము. దుబాయిలోను మస్కటులోను కూలిపని చేయు జగిత్యాల యువకుడు రాత్రివేళ సెల్‌ఫోనులో వినుచున్న పాట ఎవరి గొంతున నున్నను, అది అతని తల్లి నోటినుండి బయలుదేరినదే కావచ్చును. ఆ పాట క్రింద పాడినవారి పేరు, వాయించినవారి పేరు, పెట్టుబడి పెట్టినవారి పేరు కనబడుచున్నవి. ఆ వరుసలో మరొక పంక్తికి చోటు కలదు. ఎవరినుండి నేర్చినది, ఏ ఊరిలో విన్నది అను రెండు సంగతులు ఆ పంక్తిలో వ్రాయవలయును. పైకము వచ్చినప్పుడు అందులో కొంత ఆ ఊరికి చేరవలయును. ఆకాశవాణియు, టెలివిజను సంస్థలును, సాంస్కృతిక శాఖయు ఈ నియమమును తమంతట తామే పాటించినచో చట్టము వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. ముందు పాడినవారు బ్రతికియుండగనే ఆ పని జరుగవలయును. వారిలో పలువురు ఇప్పటికే వృద్ధులు.